తారాగణం

కుమార్‌పల్లిల మూతవడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి
మూడువేల రెండొందలకు తెచ్చిన సీపీయూ
టీవీ కింద పీట మీద కూసున్నది.
ఫ్యాను తిరిగితె
కాజీపేట యార్డుల ఖాళీ వ్యాగన్ల సప్పుడు.
షెడ్డుల ఇరవై ఆరేండ్లు ఇంజన్లు ఇప్పి బిగిచ్చినోణ్ణి,
దీంట్ల ఏది ఎక్కియ్యాల్నో తెలుస్తలేదు.

బామ్మర్ది సదానందం అన్నడు,
"కోడి పెట్టు బావా."
వంటింట్ల నుంచి భాగ్య:
"ఇయ్యాల శనివారం, కోడేంది?"
"కూరకు గాదక్కా. సినిమాలు సూసే సాఫ్ట్‌వేర్ పేరు."
"ఇంకోటి లేదా?"
"జెల్లీఫిన్ అని ఉన్నది."
"కోడి గాకుంటె జెల్లచాప. మీ ఇద్దరికి తిండి యావనే."
నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నది.
నేను సగం మార్కులు ఆ నవ్వుకే ఏసిన.

నడుమ ఇంకోటి, ప్లెక్స్.
ఫ్లెక్సీ అనుకున్నది భాగ్య,
గల్లీల లీడర్ల పుట్టిన్రోజులు సాలవా అన్నది.
అది ముందుగాల నా మెయిల్ అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది.
నా ఇంట్ల, నా డిస్కుల, నా పెండ్లి సూసుకుంటందుకు
నేనెవరో నన్నే చెప్పుమన్నది.
రేషన్ దుకాణంల ఏలిముద్ర వడక
ఖాళీ సంచితోని ఎనుకకొచ్చిన అమ్మ యాదికొచ్చింది.
దాని తప్పేం లేదు గావచ్చు.
అయినా తీసేసిన.

కోడికి మొదాలు తెలుగంత డబ్బాలు డబ్బాలు.
ఫాంటు మార్చినంక
ఒత్తులు ఒక్కొక్కటే ఒచ్చి కింద కూసున్నయి.
ఇగ రాత్రంత అది డిస్కును గెలికింది,
పెంటకుప్పను గెలికినట్టు.
పొద్దుగాల లేసి సూస్తె
ఫైలుకో పోస్టర్ ఏరుకొచ్చి అంటువెట్టింది.

నేను కురుచగ "ఎం టూ" అని రాసుకున్నదానికి
మంచుల గుర్రమెక్కిన తెల్లోని బొమ్మ.
నిడివి గంటన్నరనట.
నాది నాలుగు గంటల పదకొండు నిమిషాలు.
మా వాకిట్ల మల్లన్న పట్నం ఏసిన రాత్రి,
మొగిలి వీడియో తీసిండు.
కరెంటు వోయిన ఇరవై నిమిషాలు గూడ ఆపలె,
వట్టి చీకటి,
చీకట్ల డోలు.

పక్కన ఒక చిన్న ఫైల్ రాసి పెడితె
అది సదువుకుంటదని సదానందం చెప్పిండు.
కూసున్న రాసుడు.
దర్శకుడు: మొగిలి.
రచయిత: ఏం రాయాలె?
తాత చెప్పంగ విన్నోళ్లకు వాళ్ల తాతలు చెప్పిన్రు.
ఖాళీ వదిలిపెట్టిన.
నటీనటులు:
ఒగ్గు పోశాలు.
వంత పాడిన రాజీరు.
బండారి జల్లిన సమ్మవ్వ.
నిద్రల ఒరిగి గుంజకు తల గుద్దుకున్న సాయిలు.
రెండుసార్లు చాయ్ పోసిన బుచ్చిరాములు,
మూడోసారి చక్కెర అయిపోయింది.
కెమెరాకు అడ్డంవచ్చిన మా అన్న ఈపు.
ఆఖరికి ఎవల ఒడిలనో పండుకున్న మా బిడ్డ,
కాలి పట్టీ ఒక్కటే కనవడ్తది.

భాగ్య చెయ్యి తుడుసుకుంట ఒచ్చి నిలవడ్డది.
"ఆపు. గీ ఆకుపచ్చ చీరామె ఎవలు?"
ఎనుకకు జరిపిన, ముందుకు జరిపిన.
నాలుగు గంటలు ఆమె అక్కడనే ఉన్నది,
డోలు దిక్కు సూడదు, కెమెరా దిక్కే సూస్తది,
మేము తెలిసినోళ్లమన్నట్టు నవ్వుతది.
జనగామల అక్కకు ఫోన్ జేసినం, తెల్వదు.
సాయిలు కొడుకును అడిగినం, తెల్వదు.
మొగిలి నంబర్ ఎత్తుతలేడు.

మాపటీలి సదానందం ఫోన్:
"బావా, ఇంతకు ఏది ఖాయం జేసినవ్?
రిమోట్‌కు సెట్ జెయ్యాలె, చెప్పు."

ఉండు, అన్న.
తారాగణం ఇంక కాలేదు.